ఈ క్రిస్మస్‌కి ఊరెళ్ళాలా, మానాలా?

ప్రశ్న: వందనాలమ్మా. మేం హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాం. మా ఆయనా నేనూ ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. బాబుకి ఆరేళ్ళు, పాపకి రెండేళ్ళు నిండాయి. ఏటా డిసెంబర్ 20కల్లా తెనాలి దగ్గర మా అత్తగారి ఊరెళ్ళి, జనవరి 1 ఆరాధన అయ్యాక తిరిగొస్తాం. పోయినేడు మాత్రం నాకు పండగంటేనే భయం పట్టుకుంది.

24 రాత్రి పదకొండింటికి మొదలైన ప్రోగ్రాం తెల్లవారుజామున మూడింటికి అయింది. బాబు గొర్రెల కాపరి వేషంలో స్టేజీ ఎక్కి, జనాన్ని చూసి బిక్కచచ్చిపోయి ఏడ్చేశాడు. అందరూ నవ్వారు, మా ఆయన కూడా. "ఇంక గుడికి రాను" అని వాడు ఇప్పటికీ అంటున్నాడు. ఈసారి వాడిచేత పది కంఠత వాక్యాలు చెప్పించాలని మా అత్తగారి పట్టుదల. అంతకు రెండు రోజుల ముందు రాత్రి రెండింటప్పుడు క్యారల్స్ వాళ్ళొచ్చారు. క్రిస్మస్ తాత మాస్కు వేసుకున్నతను ఎత్తుకోబోతే పాప గుక్కపట్టి ఏడ్చింది. తర్వాత నాలుగు రోజులు నిద్రలో ఉలిక్కిపడుతూనే ఉంది. మా మరిది వాళ్ళు దుబాయ్ నుంచి వస్తారు. క్రిస్మస్ తాత వాళ్ళబ్బాయికి ట్యాబ్ ఇచ్చాడు, మావాడికి రంగు పెన్సిళ్ళు ఇచ్చాడు. "అమ్మా, తాతకి నేనంటే ఇష్టం లేదా?" అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

పిండివంటలు, వచ్చేపోయేవాళ్ళకి టీలు, కేకులు వీటితోనే నా పండగ అయిపోయింది. కొవ్వొత్తులు వెలిగించే వేళకి పాపని భుజాన వేసుకుని గుడి బయట నిలబడ్డాను. మామగారు వెదురు బద్దలతో నక్షత్రం కడుతుంటే బాబు ఒక మధ్యాహ్నమంతా ఆయన పక్కనే కూర్చున్నాడు. ఆ కాసేపే నాకు తెరిపి. ఈసారి ఊరెళ్ళకుండా, 25న పిల్లల్ని మెదక్ చర్చికి తీసుకెళ్ళి వచ్చేద్దామనుకుంటున్నాను. తప్పా?

జవాబు: వందనాలు తల్లీ.

వెళ్ళకపోవడం తప్పేమీ కాదు. పిల్లలు చిన్నగా ఉన్న రోజుల్లో ఇంటిపట్టునే పండగ చేసుకున్న కుటుంబాలు నాకు చాలానే తెలుసు. వాళ్ళ విశ్వాసానికి దానివల్ల ఏ లోటూ రాలేదు. అయినా నేను మాత్రం మిమ్మల్ని వెళ్ళమనే అంటాను. ఎందుకో మీ ఉత్తరంలోనే ఉంది. మీ మామగారు నక్షత్రం కడుతుంటే బాబు ఒక మధ్యాహ్నమంతా పక్కనే కూర్చున్నాడని రాశారు. రాసి, వెంటనే వేరే మాటలోకి వెళ్ళిపోయారు. ఐదారేళ్ళ పిల్లాడు అంతసేపు కదలకుండా కూర్చున్నాడంటే చిన్న విషయం కాదమ్మా. అన్ని రోజుల్లో వాడికి పండగ దొరికింది అక్కడే. మిగతాదంతా పెద్దవాళ్ళ పండగ, వాడు నిద్రమొహంతో దాని వెనకాల నడిచాడంతే.

పిల్లలకి బట్టలు కుట్టించేటప్పుడు "పెరిగే పిల్లాడు, కాస్త వదులుగా కుట్టు" అని టైలర్‌కి చెబుతాం కదా. పండగని కూడా మనం వాళ్ళకి అలాగే వదులుగా కుట్టిస్తున్నాం. ఇంకో పదేళ్ళకి సరిపోయే రాత్రి ఆరాధనని, స్టేజీని, పన్నెండు రోజుల చుట్టాల రద్దీని ఇప్పుడే తొడిగేస్తున్నాం. అది కాళ్ళకి అడ్డం పడి వాళ్ళు ఏడిస్తే అల్లరంటున్నాం. ఈసారి మీ పిల్లల కొలతకి తగ్గించండి.

ముందు రోజులు తగ్గించండి. 22న బయల్దేరి 27న తిరిగి రండి. తెలంగాణలో 26 కూడా సెలవుదినమే, మీ ఆఫీసులు ఆ సెలవు ఇస్తే లీవు ఒకరోజు కలిసొస్తుంది. ఈ మాట మీ అత్తగారికి మీరు చెప్పొద్దు, మీ ఆయన్ని చెప్పమనండి. అదీ టికెట్లు కొనక ముందే. "అమ్మా, పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా ఐదు రోజులే ఉంటాం, ఆ ఐదు రోజులూ నీ దగ్గరే ఉంటాం" అంటే చాలు. కొడుకు నోట వస్తే అది కబురు, కోడలి నోట వస్తే అదే గొడవ. మన ఇళ్ళల్లో ఇది ఇంకా ఇలాగే ఉంది, మీరొక్కరే మోయాల్సిన అవసరం లేదు.

ఇక 24 రాత్రి సంగతి. రెండేళ్ళ పిల్లకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఆరేళ్ళవాడికి కనీసం 9 గంటలుండాలి. క్యారల్స్‌తో ఒక రాత్రి పోయి, రెండు రోజులకే ఇంకో రాత్రి మూడింటిదాకా మేలుకుంటే పెద్దవాళ్ళకే చిరాకొస్తుంది. మీ వాడు స్టేజీ మీద ఏడ్చిన వేళ ఎంతో మీరు రాయలేదు. పన్నెండు దాటి ఉంటుందనుకుంటాను. ఆ వేళకి వాడు రోజూ గాఢనిద్రలో ఉంటాడు.

అందుకని పిల్లలిద్దర్నీ రాత్రి ఇంట్లోనే పడుకోబెట్టండి. మీరిద్దరూ వంతులేసుకోండి. ఈ ఏడు ఆరాధనకి మీరు వెళ్ళండి, మీ ఆయన పిల్లల దగ్గర ఉంటారు. వచ్చే ఏడు ఆయన వెళ్తారు. ఇది నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను, మొదటి వంతు మీదే కావాలి. కొవ్వొత్తి వెలిగే వేళకి గుడి బయట నిలబడ్డ మనిషి ఈసారి లోపల కూర్చుని, చేతిలో పాప లేకుండా, మొదటి పాట నుంచి చివరి ప్రార్థన దాకా ఉండాలి. పిల్లల్ని 25 పొద్దున తలస్నానం చేయించి, కొత్త బట్టలేసి, కడుపునిండా తినిపించి ఆరాధనకి తీసుకెళ్ళండి. రాత్రి ఆరాధన లేకపోతే అది క్రిస్మసేనా అని ఎవరైనా అంటే, మీరు వెళ్దామనుకున్న మెదక్‌లోనే ఆ రోజు మొదటి ఆరాధన తెల్లవారుజామున జరుగుతుందని చెప్పండి.

స్టేజీ గురించి రాయాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ముప్పై ఏళ్ళు సండే స్కూల్ చెప్పాను. మా పెద్దవాడికి ఏడేళ్ళప్పుడు క్రిస్మస్ ప్రోగ్రాంలో వాక్యాలు చెప్పడానికి నిలబెట్టాను. మూడు చెప్పాడు, నాలుగోది మర్చిపోయాడు. ముందు వరసలో కూర్చుని పెదాలు కదిపి అందించాను. వాడికి అందలేదు. కళ్ళెర్రజేశాను. దిగి వచ్చాక గుడి వెనక్కి తీసుకెళ్ళి "నా పరువు తీశావు" అన్నాను. ఇప్పుడు వాడికి నలభై దాటాయి, ఇద్దరు పిల్లలు. సంఘంలో అందరి ముందూ ప్రార్థన చేయమంటే ఇప్పటికీ చేతులు చల్లబడిపోతాయని ఈమధ్య ఏదో మాటల్లో చెప్పాడు. నా మీద నిందగా కాదు, మామూలుగానే చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను, ఈ ఏడు బాబుని స్టేజీ ఎక్కించొద్దు. వాడే అడిగితే తప్ప. అంతకన్నా ముందు మీ ఆయన వాడితో ఒక మాట మాట్లాడాలి. ఏదో ఒక రోజు బండి మీద తీసుకెళ్తూనో, అన్నం తింటూనో, "పోయినేడు నువ్వు ఏడ్చినప్పుడు నేను నవ్వాను, అలా నవ్వకూడదు, సారీ నాన్నా" అని చెప్పాలి. ఆ ఒక్క మాటే, దానికి ఉపన్యాసం తగిలించొద్దు. గుడికి రానని వాడంటున్నది దేవుడి మీద కోపంతో కాదు. తను ఏడ్చినచోట నాన్న కూడా నవ్వాడు, ఆ చోటుకి మళ్ళీ వెళ్ళాలంటే వాడికి భయం.

ఇంకొకటి మీరు చెప్పండి. లూకా సువార్త రెండో అధ్యాయంలో గొర్రెల కాపరుల సంగతి ఉంది కదా. రాత్రివేళ ఉన్నట్టుండి చుట్టూ వెలుగు నిండితే వాళ్ళు చాలా భయపడ్డారనే అక్కడ రాసి ఉంది. దూత వాళ్ళతో అన్న మొట్టమొదటి మాట భయపడొద్దనే. "ఆ కాపరులు కూడా నీలాగే భయపడ్డారు నాన్నా, వాళ్ళని ఎవరూ నవ్వలేదు" అని చెప్పండి. వాడు వేసింది ఆ వేషమే కాబట్టి తప్పకుండా అర్థమవుతుంది.

మరి మీ అత్తగారి ముచ్చట? దాన్ని తీసిపారేయొద్దు. మనవడు నలుగురిలో వాక్యం చెబుతుంటే చూడాలని ఏ నానమ్మకి ఉండదు? ఆ ముచ్చటని ఇంట్లోకి తెచ్చుకోండి. ఆ అధ్యాయంలో క్రీస్తు పుట్టుక కథ మొదటి 20 వచనాల్లో అయిపోతుంది. 22 నుంచి 25 దాకా నాలుగు రాత్రులు, రాత్రికి ఐదు వచనాల చొప్పున నానమ్మే పిల్లలకి చదివి చెప్పాలని మీరే అడగండి. పొత్తిగుడ్డలంటే ఏమిటని బాబు అడుగుతాడు. మెత్తటి పాత చీర ముక్కొకటి తెచ్చి, పాప బొమ్మని చుట్టి చూపించమనండి. పాపకి కథ తెలియకపోయినా బొమ్మని చుట్టడం తెలుస్తుంది, రోజంతా అదే ఆడుతుంది. మూడు రాత్రులయ్యేసరికి బాబుకి ఎవరూ బట్టీ పట్టించకుండానే రెండు మూడు వాక్యాలు నోటికి వచ్చేస్తాయి. అవి 25 మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు చెబితే చెబుతాడు, లేదంటే నానమ్మ చెవిలోనే చెబుతాడు.

క్యారల్స్‌కి పెద్ద ఉపాయం అక్కర్లేదు. యూత్ పిల్లలతో మీ ఆయనే ముందుగా మాట్లాడి, మీ ఇంటిని ఆ రాత్రి మొదటి ఇల్లుగా పెట్టుకోమనాలి. ఏడున్నర, ఎనిమిదింటికి వస్తే పిల్లలు మేలుకునే ఉంటారు, పాటలు కూడా వింటారు. కుదరదంటే డప్పులు లేకుండా వాకిట్లోనే ఒక పాట పాడి వెళ్ళమనండి. వాళ్ళేమీ అనుకోరు, చాలా ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఇది అలవాటే. తాత వేషం వేసే అబ్బాయి పాప ముందు మాస్కు తీసి, మొహం చూపించి, మళ్ళీ పెట్టుకోవాలి. ఎత్తుకోవద్దు. కదలని మొహం చూస్తే రెండేళ్ళ పిల్లలు భయపడటం మామూలే, దానికి దిష్టి తీయక్కర్లేదు.

ఇప్పుడు మీ వాడి ప్రశ్న. "తాతకి నేనంటే ఇష్టం లేదా?" అన్న ముక్క దగ్గర నేను ఉత్తరం కిందపెట్టి కాసేపు ఊరుకున్నాను. తప్పు మీ మరిదిది కాదు, మీది అంతకన్నా కాదు. పెద్ద బహుమతి తాత పేరు మీద ఇవ్వడంలోనే చిక్కంతా ఉంది. బాబాయి ఇచ్చాడంటే, బాబాయి వాళ్ళబ్బాయికి కొనుక్కున్నాడు అనుకుని ఊరుకుంటాడు. అన్నీ తెలిసిన తాతే ఇచ్చాడంటే, ఇద్దరిలో తనే తక్కువని లెక్క తేల్చుకుంటాడు. వాడు వేసిన లెక్క తప్పు కాదు, మనం వాడికిచ్చిన అంకెలు అలా ఉన్నాయి.

మీ ఆయన్ని తమ్ముడికి ఫోన్ చేయమనండి. ఈసారి తాత పేరు మీద పిల్లలందరికీ ఒకటే ఇవ్వాలి. బెలూన్లో, తలా ఒక రబ్బరు బంతో, ఒక చాక్లెట్టో ఏదైనా సరే. ఎవరి పిల్లలకి ఎవరు ఏం కొనుక్కున్నా అది అమ్మానాన్నల పేరుతో, ఎవరింట్లో వాళ్ళు ఇచ్చుకోవాలి. దుబాయ్ నుంచి వచ్చేవాళ్ళు సూట్‌కేస్ నడింట్లో తెరవకపోతే మంచిది. అన్నదమ్ముల మధ్య ఇది కష్టమైన మాటే, కానీ పిల్లాడు అడిగిన మాట ఉన్నదున్నట్టు చెబితే ఏ బాబాయి కాదనడు.

బాబుకి మీరు ఏం చెప్పాలి? ఆరేళ్ళకి ఎంత చెప్పచ్చో అంత, నిజమే చెప్పండి. నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊళ్ళో, ఇప్పటి టర్కీ దేశంలో ఉందది, నికొలాస్ అనే బిషప్ ఉండేవాడు. ఆయన్ని తలుచుకునే రోజు డిసెంబర్ 6. ఆయన గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. ఒక పేద తండ్రికి ముగ్గురు కూతుళ్ళు. కట్నాలిచ్చి పెళ్ళిళ్ళు చేసే స్తోమత లేదు. నికొలాస్ ఎవరికీ తెలియకుండా రాత్రిపూట ఆ ఇంట్లోకి బంగారం మూటలు విసిరి వెళ్ళిపోయాడట. కట్నమంటే ఏమిటో మన పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు, పెళ్ళిళ్ళ కబుర్లలో వింటూనే ఉంటారు. "ఆ తాతయ్య ఎప్పుడో చనిపోయాడు. ఇప్పుడు ఆయన పని మనందరం తలా కాస్త చేస్తాం. పోయినేడు రంగు పెన్సిళ్ళు కొన్నది అమ్మే. అమ్మకి నువ్వంటే ఎంతిష్టమో నీకు తెలుసుగా" అని చెప్పండి. తాత లేడని చెబితే పండగ సరదా పోతుందని కొందరి భయం. నేను చూసినంతలో, అసలు సంగతి తెలిసిన పిల్లలు తామే తాత అయిపోతామని సరదా పడతారు. మీ అత్తగారి ఊళ్ళో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఎవరో ఒకరు ఉంటారు. 24 సాయంత్రం చీకటి పడ్డాక బాబు, మీ మామగారు కలిసి వెళ్ళి నాలుగు అరిసెలు, ఒక కేకు ముక్క ఆవిడ గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి పక్కకి తప్పుకోవాలి. ఎవరు పెట్టారో చెప్పకూడదు. రహస్యం దాచుకోవడం ఆరేళ్ళవాడికి ట్యాబ్ కన్నా పెద్ద సంగతి.

వంటిల్లు. అరిసెలు, కజ్జికాయలు, గులాబి పువ్వులు, జంతికలు అన్నీ ఇంట్లోనే వండాలన్న పట్టింపు ఉంటే రెండు రకాలే ఎంచుకుని, మిగతావి వండి అమ్మేవాళ్ళ దగ్గర చెప్పుకోండి. తోడికోడలు, మీరు, అత్తగారు ముగ్గురూ ఒకరోజు కూర్చుని ముగించేయండి. నూనె మూకుడు పొయ్యి మీద ఉన్నంతసేపూ పాపని మీ ఆయనో, మరిదో ఇంటి బయట తిప్పాలి. గులాబి పువ్వుల అచ్చు నూనెలో ఎర్రగా కాగి ఉంటుంది, పిల్లలకి అదొక ఆటవస్తువులా కనిపిస్తుంది. పొయ్యి దగ్గర కాని పనులు బాబుకి ఇవ్వండి. కజ్జికాయ అంచు వేలితో నొక్కడం, సున్నుండలు చుట్టడం వాడు చేయగలడు. వంకర వచ్చినవి తీసేయకుండా పళ్ళెంలో పైన పెట్టండి. పాపకి జీడిపప్పులు, వేరుశనగ గింజలు గింజలుగా ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడతాయి. పొడి కొట్టి ఉండలో కలిపితే ఫరవాలేదు.

ఒక్క విషయం మాత్రం మీ అత్తగారింట్లో అందరికీ చెప్పి తీరాలి. ఇప్పుడు బజార్లో దొరికే వెలిగే నక్షత్రాలు, పాడే కార్డులు, మంట లేని కొవ్వొత్తులు, మెరిసే తాత టోపీలు, వీటిలో చాలావాటిలో బొత్తాం అంత బ్యాటరీ ఉంటుంది. దాని మూత స్క్రూతో బిగించి లేకపోతే కొనొద్దు. పిల్లలు దాన్ని మింగితే అది అన్ననాళంలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల కాలిపోయేంత ప్రమాదం. మింగిందేమోనన్న అనుమానం వచ్చినా సరే, బయటికి ఏమీ కనిపించకపోయినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పొద్దున చూద్దాంలే అనుకోకూడదు.

మెదక్‌కి తప్పకుండా వెళ్ళండి, కానీ 25న వద్దు. ఆ రోజు అక్కడ ఇసకేస్తే రాలనంత జనం, పాపని చంకనుంచి దించలేరు. జనవరిలో మామూలు రోజు చూసుకుని వెళ్ళండి, హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల లోపే. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ దొర అనే మిషనరీ దాన్ని కట్టించిన కథ బాబుకి దారిలో చెప్పండి. 1914లో మొదలుపెడితే, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. లోపల రంగుటద్దాల కిటికీల్లో ఒకదాని మీద క్రీస్తు పుట్టుక ఉంటుంది. నానమ్మ చదివిన కథ వాడికి అప్పటికి గుర్తుంటుంది కాబట్టి ఎవరు కాపరో, ఎవరు మరియమ్మో వాడే చూపిస్తాడు. జనం లేని గుడిలో, ఎవరూ నవ్వని చోట, కాసేపు వాడిని ఇష్టమొచ్చినట్టు నడవనివ్వండి.

ఇవాళ రాత్రికి మాత్రం ఒక్క పని చేయండి. మీ మామగారికి ఫోన్ చేయండి. మీరు రాకముందే నక్షత్రం కట్టేయొద్దని చెప్పండి. వెదురు బద్దలు చీల్చి, చేతికి గుచ్చుకోకుండా నునుపు చేసి ఉంచితే చాలు. ముందు వైపుకి ఐదు, వెనక వైపుకి ఐదు, మధ్యలో ఎత్తు రావడానికి ఐదు చిన్న ముక్కలు. కట్టు కట్టేటప్పుడు దారం కొస బాబు పట్టుకుంటాడు. మైదాపిండి జిగురు వాడే రాస్తాడు, గాలిపటం కాగితం ఏ రంగు కావాలో కూడా వాడినే అడగమనండి. లోపల పెట్టే బల్బు వేడెక్కని ఎల్‌ఈడీ అయితే కాగితానికి భయం ఉండదు. ముడతలు పడతాయి, ఒక కోణం వంకరగా వస్తుంది, రానివ్వండి. దాన్ని వీధి గుమ్మానికే కట్టమనండి. పండగ నాడు వచ్చే ప్రతి ఒక్కరికీ మీ అత్తగారే చూపించి చెప్పుకుంటారు, "ఇది మా మనవడు కట్టింది" అని.